నాలుగేళ్ల వాడకం తరువాత: ఉక్కు బ్యాక్‌ప్లేట్, వింగ్, 3 కిలోల సీసం

స్కూబా శిక్షణ రోజుల్లో నా నడుముకు 8 కిలోల సీసం కట్టి నీళ్లలోకి దింపేవారు. ఇప్పుడు అదే 3 మి.మీ. వెట్‌సూట్‌తో, అదే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌తో నాకు 3 కిలోలు సరిపోతున్నాయి. ఈ తేడాలో దాదాపు సగం నాలుగేళ్ల క్రితం కొన్న 2.7 కిలోల ఉక్కు బ్యాక్‌ప్లేట్ (సిలిండర్‌ను వీపుకు పట్టి ఉంచే పలక) పుణ్యం. మిగతాది నాకు ఏనాడూ అవసరం లేని బరువు. గాలి నింపి, వదిలి నీటిలో తేలికను సర్దుకునే జాకెట్ తరహా బీసీడీని వదిలి ఈ పలకకూ, అదే పని చేస్తూ వీపు వెనుక ఉండే గాలి తిత్తి అయిన వింగ్‌కూ మారాక ఎక్కువగా అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో, అంటే నేటి స్వరాజ్ ద్వీప్‌లో, వాడాను.

అదనపు సీసం మోయడం కన్నా దానికి విరుగుడుగా నింపే గాలితోనే అసలు చిక్కు. ఎక్కువైన కిలోకు సుమారు ఒక లీటరు చొప్పున గాలి నింపక తప్పదు. 10 మీటర్ల లోతులో నింపిన రెండున్నర లీటర్లు 5 మీటర్లకు వచ్చేసరికి మూడు లీటర్లు దాటిపోతాయి కనుక, పైకి తేలేముందు అక్కడ మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో నిలకడగా ఉండడానికి బదులు గాలి వదులుతూ, నింపుతూ ఆ మూడు నిమిషాలూ గడిచేవి.

బరువు తగ్గినా నా కాళ్లు మాత్రం కిందికే వేలాడేవి. తోటి డైవర్ తీసిన వీడియోలో నేను మెట్లెక్కుతున్న మనిషిలా, పాదాలకు తొడిగిన ఫిన్స్‌తో ఇసుక రేపుతూ కనిపించాను. ఊపిరితిత్తుల తేలిక ఛాతీ దగ్గర, సీసమంతా నడుము దగ్గర ఉంటే శరీరం మరెలా వాలుతుంది? అందుకే 2 కిలోలు బెల్టుకే ఉంచి, ఒక కిలోను సిలిండర్ పై పట్టీకి తగిలించిన చిన్న జేబుల్లో అరకిలో చొప్పున సర్దాను. సిలిండర్‌ను నాలుగు వేళ్లు పైకి జరిపితే ముందుకు చూడబోయిన ప్రతిసారీ తల రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్‌కు, అంటే సిలిండర్ వాల్వుకు బిగించే భాగానికి, కొట్టుకుంది. రెండు వేళ్లు దించాక కుదిరింది. బరువైన రబ్బరు ఫిన్స్ తీసేసి తేలికైనవి వేసుకోవడంతో చివరి వంపు కూడా పోయింది. ఈ సర్దుబాటుకు పదిహేను డైవ్‌లు పట్టాయి, ఎందుకంటే ఒక్కోసారి ఒక్కటే మార్చేవాణ్ణి.

తూకాన్ని డైవ్ మొదట్లో చూసుకుంటే మోసపోతాం. పీడనం 200 బార్ నుంచి 50 బార్‌కు వచ్చేలోపు సిలిండర్‌లోని గాలి బరువు సుమారు 2 కిలోలు తగ్గుతుంది. అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు మునిగి, ఖాళీ అయ్యేకొద్దీ తేలుతూ తన అడుగు భాగాన్ని పైకెత్తుతుంది. కాబట్టి నేను 50 బార్ దగ్గర, 5 మీటర్లలో, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి మామూలుగా ఊపిరి తీసుకుంటూ కదలకుండా నిలవగలిగితేనే తూకం సరైనదని లెక్క. స్విమ్మింగ్ పూల్‌లో కుదిరిన లెక్క సముద్రంలో చెల్లదు. సామగ్రితో కలిపి 100 కిలోలు తూగే మనిషికి ఉప్పునీటిలో సుమారు రెండున్నర కిలోలు అదనంగా కావాలి.

లోపాలూ ఉన్నాయి. ఉపరితలంలో వింగ్‌ను బాగా నింపితే మొహాన్ని నీళ్లలోకి నెడుతుంది. కాస్త తక్కువ నింపి వెనక్కి వాలడం అలవాటు చేసుకోవాలి. పలకను ఆపదలో వదిలేయలేం కాబట్టి వదలగలిగే 2 కిలోలను బెల్టులోనే ఉంచాను. మూడో ఏట ఇన్‌ఫ్లేటర్ బటన్ ఉప్పు పట్టి బిగుసుకుపోయి, నొక్కకుండానే వింగ్‌లోకి గాలి ఎక్కించింది. తప్పు నాదే, అంతదాకా బయట మాత్రమే కడిగేవాణ్ణి. ఇప్పుడు వింగ్ లోపలికి కూడా మంచినీళ్లు పోసి, కుదిపి, తలకిందులుగా ఆరబెడుతున్నాను.

విమానంలో 15 కిలోల సామాను పరిమితి ఉన్నప్పుడు ఉక్కు పలక కళ్లలో నలుసే. తేలికైన అల్యూమినియం పలక కొనవచ్చు కానీ, ఆ తగ్గిన బరువును ద్వీపంలో దిగాక సీసంగా మళ్లీ నడుముకే కట్టుకోవాలి కనుక, బట్టలు తగ్గించుకుని ఉక్కుదే తీసుకెళుతున్నాను.