పూలపాదుకి రాతిబొమ్మ: కడియం, హైవే షాపు, దుర్గి

తోటలో పెట్టుకోవడానికి బొమ్మ కొనాలనుకుంటే మాచర్ల దగ్గరి దుర్గికి వెళ్లండి. హైవే పక్కన నల్లరంగు బొమ్మలు వరసగా నిలబెట్టిన షాపుల్లో మాత్రం డబ్బు కట్టకండి. అలాంటి షాపొకటి మా రెండు వేలు తినేసింది. దుర్గిలో రాతి బొమ్మలు చెక్కే ఒక ఆచారిగారు మా పాదుని మేమే కొత్తగా చూసేలా చేశారు. ఇదంతా రాస్తున్నది ఈ రెండు సంగతులూ చెప్పడానికే.

మాది మంగళగిరి. ఉత్తరపు ప్రహరీ వెంబడి వంకరటింకరగా సాగే పూలపాదు. వరసలూ కత్తిరింపులూ లేవు. వెనక పారిజాతం, నందివర్ధనం, మధ్యలో మందారాలు, నిమ్మగడ్డి, ముందు కనకాంబరాలు. బంతి, తులసి ఎక్కడ గింజ పడితే అక్కడే మొలుస్తాయి. మావారికి ఆ పాదు నడుమ మూడడుగుల బుద్ధుడు కావాలి. అత్తయ్య మొదటే చెప్పేశారు: "దేవుడి బొమ్మ వద్దమ్మా. ఆరుబయట పెట్టి దీపం పెట్టకపోతే నాకు మనసొప్పదు. పైగా పిల్లులు తిరిగే చోటు." నాదీ ఆవిడ మాటే. బుద్ధుణ్ణి కొలిచేవాళ్లున్నారు, అమరావతి మాకు పక్కనే. ఆయన్ని తీసుకొచ్చి కుళాయి పక్కన, కాళ్లకి తగిలే ఎత్తులో కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. మావారు కారెక్కేటప్పటికే ముభావంగా ఉన్నారు.

ముందు కడియం వెళ్లాం. కడియపులంక నర్సరీలు మొక్కలకి ఎంత పేరున్నవో, వాటి మధ్య సిమెంటు బొమ్మలూ అంతే దొరుకుతాయి. కొంగల జత 1,400, కప్ప 350, మూడడుగుల బుద్ధుడు 3,200 చెప్పారు. మాకు నచ్చిందేమిటంటే సిమెంటుని సిమెంటనే చెప్పి అమ్మారు. ఫైబరు బొమ్మలు తేలిక, గాలికి పడతాయి, ఎండకి రంగు వెలిసిపోతుందని కూడా వాళ్లే చెప్పారు. సిమెంటుకున్న చిక్కు లోపలి ఇనుప చువ్వ. సన్న పగులులోంచి నీరు దిగితే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాలో ముక్కో పెచ్చులుగా ఊడుతుంది. కొంగ కాళ్లలాంటి సన్నటివి అందుకే ముందు పోతాయి. సిమెంటే కొనాలనుకుంటే కప్ప, తాబేలు లాంటి ముద్దగా ఉన్నవి చూసుకోండి. మేము రెండు నందివర్ధనం మొక్కలు 160కి కొనుక్కుని వచ్చేశాం.

ఇక ఆ హైవే షాపు. ఫోన్లో ఫొటోలు పంపి, నల్లరాతి బుద్ధుడు, చేతి చెక్కడం, 14,000 అన్నారు. మరొకరు అడుగుతున్నారని తొందరపెట్టి మావారి దగ్గర 2,000 అడ్వాన్సు వేయించుకున్నారు. వెళ్లి చూస్తే ఒకే సైజువి నాలుగున్నాయి. అత్తయ్య వాటి ముందు అటూ ఇటూ నడిచి, "నలుగురికీ ఎడమచెవి తమ్మె ఒకేచోట విరిగిందేమిటే?" అన్నారు. నిజమే. నాలుగింటికీ ఒకే పెచ్చు, ఒకే ఆకారం. చేత్తో చెక్కినవైతే అలా ఉండవు, అచ్చులో పోసినవే. మెడ వెనక అచ్చు అతుకు గీతలా తెలుస్తోంది. చంకలో గాలి బుడగల గుంటలున్నాయి. బొమ్మని పక్కకి వంచమన్నాను. అడుగున నల్లరంగు పూయడం మరిచిపోయారు, బూడిదరంగు సిమెంటు, మధ్యలో చువ్వ కొస.

అడిగితే యజమాని, "రాతిపొడి కలిపాం కదమ్మా, అది రాయి కిందే లెక్క" అన్నాడు. అడ్వాన్సు తిరిగివ్వమంటే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించాడు. ఆ రసీదు మా చేతికొచ్చింది అప్పుడే. ఇంకాస్త గట్టిగా అడిగితే రెండు సిమెంటు బాతులు పట్టుకెళ్లమన్నాడు. అంతసేపూ కుర్చీలోంచి లేవలేదు, నిలబడిన పెద్దావిడకి కూర్చోమని ఒక మాట లేదు. డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధనిపించింది. బాతులు మేం తీసుకోలేదు.

రాయి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అతుకు కోసం వెనక తడమండి, అడుగు చూపించమనండి. ఒకే బొమ్మ రెండోది ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టించండి. చూపించనంటే వచ్చేయండి.

ఆ రాత్రి సాగర్‌లో 1,800 గది, వేడినీళ్లు రాలేదు. పొద్దున నాగార్జునకొండకి లాంచీ, మ్యూజియం, అన్నీ సవ్యంగా జరిగాయి. శుక్రవారం మ్యూజియం ఉండదు, చూసుకుని వెళ్లండి. మాచర్ల మెస్సులో గోంగూర, ముద్దపప్పు, మజ్జిగ మిరపకాయలతో 110 భోజనం తిన్నాకే మావారు మళ్లీ మాట్లాడారు.

దుర్గిలో దగ్గరకి వెళ్లకముందే ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ చెక్కేది పల్నాటి సున్నపురాయి. అమరావతి స్తూపానికీ నాగార్జునకొండ శిల్పాలకీ వాడింది ఈ జాతి రాయే. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమయ్యేదీ ఇలాంటిదే. గ్రానైటంత గట్టిది కాదు కాబట్టి సన్నటి పని పడుతుంది, పూరేకు అంచు కూడా పదునుగా తీయొచ్చు.

మేం మాట్లాడిన ఆచారిగారు ధర చెప్పలేదు, బొమ్మా చూపించలేదు. "పాదు ఏ గోడకుందమ్మా? పొద్దుటెండ ఎటునుంచి పడుతుంది? ముందున్న మొక్క మోకాలి దాకా వస్తుందా, నడుం దాకానా?" అని అడిగారు. చెప్పాక, షెడ్డులోంచి అరపద్మం చెక్కిన పలకొకటి ఎండలోకి తెప్పించారు. సూర్యుడికి ఎదురుగా నిలబెడితే ఏముంది, బూడిదరంగు బండ. నెమ్మదిగా పక్కకి తిప్పారు. ఎండ వాలుగా తగిలేసరికి ఒక్కో రేకు కింద నీడ పడి పద్మం మొత్తం పైకి లేచింది. మావారు దాన్ని మళ్లీ మళ్లీ తిప్పించి చూశారు. బుద్ధుడి మాట ఆ తర్వాత ఎత్తలేదు. మా రాయి దక్షిణం చూస్తుంది, తూర్పు ఎండ పక్కనుంచి తగులుతుంది, సరిగ్గా సరిపోతుంది.

"తనిష్టం వచ్చినట్టు పెరిగే పాదులో బొమ్మ నిలబడకూడదమ్మా, దొరకాలి. మూడోవంతు ఆకులు కప్పేయాలి," అన్నారాయన. అత్తయ్యకి ఆ మాట ఎంత నచ్చిందో. పద్మమా, పూర్ణకుంభమా అని మాలో మాకు కాసేపు తర్జనభర్జన. రాష్ట్ర రాజముద్రలో ఉన్నది కనక కుంభమే అని మావారు, పాదులో ఇన్ని పూలుండగా రాతిలోనూ పువ్వే ఉండాలని నేను. చివరికి అత్తయ్య పద్మమన్నారు.

అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు, నాలుగంగుళాల మందం. కింది ఆరంగుళాలు చెక్కకుండా మొరటుగా వదిలేయించాం, అది భూమిలోకి పోతుంది. ఇలా అడిగి చేయించుకోండి, లేకపోతే చెక్కడమే మట్టిలో కూరుకుపోతుంది. ధర 9,500. అడ్వాన్సు 1,000 చాలన్నారు, మిగతాది రాయి చూశాకే. గుడి పనులుంటే మన పని వెనక పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. ట్రాలీ ఆటోకి 2,800 అయింది. కింద గడ్డి, పక్కల పాత గోనెలు కట్టి పంపారు, అంచు కూడా చెదరలేదు.

గుంటలో కంకర, ఇటుక ముక్కలు వేసి, వాననీరు నిలవకుండా రాయిని కాస్త వెనక్కి వాల్చి పాతాం. సున్నపురాయికి నిమ్మరసం, చింతపండు, యాసిడ్ తగలనివ్వకూడదు, తినేస్తాయి. నూనె రాస్తే దుమ్ము జిడ్డుగా పడుతుంది. బోరునీళ్లు రోజూ చిమ్మితే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, పైపు ఆ వైపు తిప్పకండి. పాచి పడితే మాత్రం ఉండనివ్వండి. రేకుల సందుల్లో పచ్చదనం పట్టాలనే నేను చూస్తున్నాను, అత్తయ్యేమో కొబ్బరిపీచుతో తోమేస్తానంటున్నారు. ఆ గొడవ మా ఇంట్లో ఇంకా తేలలేదు.