సెకండ్ హ్యాండ్ నింటెండో స్విచ్ కొనేవాళ్ళకు హెచ్చరిక: ఈషాప్ తెరిచి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు

జపాన్ గేమింగ్ కంపెనీ నింటెండో తన గేమింగ్ మెషీన్ స్విచ్‌ని మన దేశంలో అధికారికంగా అమ్మదు. దుబాయ్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తేవాలి, లేదంటే గ్రే మార్కెట్ షాపు, సెకండ్ హ్యాండే దిక్కు. దొంగ గేములు నడిపించే చిప్ లోపల వేసి, వాటిని ఆడి, నింటెండో ఆన్‌లైన్ సేవల నుంచి బ్యాన్ తిన్న మెషీన్లు మంచివాటి ధరకే అంటగట్టడానికి ఇదే అదను. బిల్లు ఉండదు కాబట్టి తర్వాత అడిగే దారీ ఉండదు.

"వైఫై కలుస్తోంది, అప్‌డేట్ కూడా దిగుతోంది చూడండి" అంటే నమ్మకండి. బ్యాన్ అయిన స్విచ్‌లోనూ వైఫై కలుస్తుంది, కనెక్షన్ టెస్ట్ పాసవుతుంది, సిస్టమ్ అప్‌డేట్ దిగుతుంది. ఆగిపోయేవి ఈషాప్ (గేములు కొనే నింటెండో ఆన్‌లైన్ దుకాణం), ఆన్‌లైన్ ఆట. అందుకే కొత్త యూజర్ పెట్టి, పరీక్ష కోసమే తెరిచిన నింటెండో అకౌంట్ లింక్ చేసి ఈషాప్ తెరవండి. మీ అసలు అకౌంట్ వాడొద్దు. 2124-4007 అని ఎర్రర్ వస్తే బేరం అక్కడితో ఆపేయండి. రీసెట్ చేస్తే పోతుందనేది పచ్చి అబద్ధం. ప్రతి స్విచ్‌లోనూ తయారీలోనే వేసిన డిజిటల్ గుర్తింపు సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది, సర్వర్ గుర్తుపట్టేదీ ఆపేదీ దాన్నే. అకౌంట్ మార్చినా మెమరీ తుడిచినా అది మారదు.

ఈషాప్ తెరుచుకున్నా గండం గడిచినట్టు కాదు. డిజిటల్ గేముకి నింటెండో సంతకం ఉన్న టికెట్ ఉంటుంది, ఆన్‌లైన్‌కి వెళ్ళగానే సర్వర్ దాన్ని సరిచూస్తుంది, దొంగ టికెట్ అక్కడే దొరికిపోతుంది. ఇది వెంటనే తేలే సంగతి. ఆలస్యంగా తేలేవి లాగ్‌లు. ఏం నడిచింది, ఏ ప్రోగ్రామ్ క్రాష్ అయింది అన్నవి నెట్ లేనప్పుడూ మెషీన్‌లో పోగవుతుంటాయి. అమ్మేవాడు నింటెండో సర్వర్లను అడ్డుకునే డీఎన్ఎస్ (నెట్‌లో సర్వర్ల చిరునామాలు వెతికిపెట్టే సేవ) పెట్టుకుని ఆడి ఉంటే మెషీన్ ఇంకా శుభ్రంగానే కనిపించొచ్చు. ఆ లాగ్‌లు మీ ఇంటి వైఫై మీద బయటికి వెళ్తాయి, బ్యాన్ మీ చేతిలో ఉండగా పడుతుంది. కాబట్టి సేవ్ చేసిన వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ మాన్యువల్ అని ఉంటే ఎందుకు పెట్టారో గట్టిగా అడగండి.

సిస్టమ్ సెట్టింగ్స్‌లోని సీరియల్ నంబరును ఛార్జింగ్ పోర్టు పక్కనున్న స్టిక్కర్‌తో అంకె అంకె పోల్చండి. అక్షరాల తర్వాత అన్నీ సున్నాలే ఉంటే, సర్టిఫికెట్ దాచడానికి ఆ సమాచారం కప్పిపుచ్చారు, లేదా చెరిపేశారన్నమాట. చెరిపేసి ఉండి, అసలు బ్యాకప్ లేకపోతే ఆ మెషీన్ ఇక ఆన్‌లైన్‌కి రాదు. నంబర్లు వేరువేరుగా ఉంటే అందులో ఉన్నది ఇంకో మెషీన్ సమాచారం. వెర్షన్ నంబరు పక్కన ఏ, ఎం, ఎస్ అనే ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే నడుస్తున్నది కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే నింటెండోది కాని, బయటివాళ్ళు మార్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్. మెమరీ కార్డు తీసేసి, పూర్తిగా ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేయించండి. కార్డు లేదంటూ ఇంగ్లిష్‌లో సందేశం వచ్చిందంటే లోపల చిప్ ఉన్నట్టే. పాత మోడల్ వెనక మూలల్లోని నాలుగు స్క్రూలూ మూడు గాట్లవి. అవి నలిగి ఉంటే ఎవరో విప్పారు. ఫ్యాన్ కోసమో బ్యాటరీ కోసమో విప్పి ఉండొచ్చు, అడగడంలో తప్పు లేదు.

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో దెబ్బ ఇంకా పెద్దది. ఫ్లాష్ కార్ట్రిడ్జ్ (కాపీ చేసిన గేములు నింపుకునే గేమ్ కార్డు) పెట్టినవాళ్ళకు రోజుల్లోనే 2124-4508 ఎర్రర్ పడింది. గేమ్ లోపల లేకుండా తాళంచెవిలా మాత్రమే పనిచేసే గేమ్-కీ కార్డులకు మొదటిసారి డౌన్‌లోడ్ తప్పనిసరి, బ్యాన్ అయిన మెషీన్‌లో అవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలు.

పాత కార్ట్రిడ్జ్‌లు (గేమ్ కార్డులు) కొనేవాళ్ళకూ ఇదే ముప్పు. దేని సర్టిఫికెట్ దానికే ఉంటుంది. మొదటివాడు కాపీ తీసుకుని అసలుది మీకు అమ్మితే, ఒకే సర్టిఫికెట్ రెండు చోట్ల కనిపించి మీ మెషీన్ ఇరుక్కుంటుంది. 2025లో సరిగ్గా ఇలాగే ఇరుక్కున్న కొనుగోలుదారు రుజువులు చూపించాక నింటెండో బ్యాన్ ఎత్తేసింది. అందుకని కార్ట్రిడ్జ్ ముందూ వెనకా ఫొటోలు, అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్, యూపీఐ రసీదు కొన్న రోజే దాచుకోండి. బ్యాన్ పడే సరికి ఆ ప్రకటన తీసేసి ఉండొచ్చు.