డీఎన్‌ఏ టీకా, ఆటోఇమ్యూన్ భయం: ఆరోగ్యమైన ఎలుకా, లూపస్ ఎలుకా, ఏది మేలు?

టీకా భద్రతా పరీక్షలకు ప్రణాళిక వేసుకునేవారు తరచూ అడిగే ప్రశ్న ఇది: ప్లాస్మిడ్ (సూక్ష్మజీవి ప్రొటీన్ జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) టీకా ఆటోఇమ్యూన్ వ్యాధిని, అంటే రక్షణ వ్యవస్థ స్వంత కణజాలంపైనే దాడి చేసే జబ్బును, రేపుతుందేమో చూడడానికి ప్రయోగశాలల్లో మామూలుగా వాడే ఆరోగ్యమైన బాల్బ్-సి ఎలుకలు సరిపోతాయా, లేక మూత్రపిండాలను దెబ్బతీసే లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు ముప్పు పుట్టుకతోనే ఉన్న జాతులు కావాలా? దీనికి జవాబు చెప్పే ముందు నేను మరొకటి అడుగుతాను. చివరికి మీరు దేన్ని చూసి తీర్పు చెప్పబోతున్నారు? రక్తంలోని యాంటీబాడీనా, మూత్రపిండాన్నా? అది తేల్చుకుంటే జాతి ఎంపిక సగం పూర్తయినట్టే.

ఆరోగ్యమైన ఎలుకల వైపు వాదన బలమైనదే. అవన్నీ ఒకే తీరుగా ఉంటాయి, సులువుగా దొరుకుతాయి. మామూలుగా వాటిలో ఈ వ్యాధి ఉండదు కాబట్టి, కనిపించిన మార్పును టీకాకు ముడిపెట్టడం తేలిక. 1997లో డెన్నిస్ క్లిన్‌మన్ బృందం ప్రచురించిన పనిలో, డీఎన్‌ఏ టీకా తీసుకున్న ఎలుకల్లో డీఎన్‌ఏకు వ్యతిరేకంగా ఐజీజీ రకం యాంటీబాడీలు తయారుచేసే బి కణాల సంఖ్య పెరిగింది, వ్యాధి మాత్రం రాలేదు. ప్లాస్మిడ్‌లో మిథైల్ గుర్తులు లేని సీపీజీ వరుసలు (బాక్టీరియా డీఎన్‌ఏలో ఎక్కువగా కనిపించే అక్షరాల జోడీలు) ఉంటాయి. అవి డీఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్-9 అనే గ్రాహకం ద్వారా బి కణాలను మేల్కొలుపుతాయి కాబట్టి ఆ పెరుగుదల ఊహించదగినదే.

నన్ను ఇబ్బంది పెట్టేది ఆ ఎలుకల మౌనం. స్వంత కణజాలంపై దాడిని ఆపే కట్టుబాట్లన్నీ వాటిలో చెక్కుచెదరకుండా ఉంటాయి. మన భయమంతా ఆ కట్టుబాట్లు ఇప్పటికే సడలిన మనుషుల గురించి. పైగా 60 ఎలుకల్లో ఒక్కదానికీ జబ్బు రాకపోయినా, అసలు ముప్పు 5 శాతం లోపే ఉందని 95 శాతం విశ్వాసంతో చెప్పగలం, అంతకు మించి చెప్పలేం. లక్షల మందికి వేసే టీకా విషయంలో అది చాలా వదులైన హామీ.

ఇక నేను నిర్ణాయకం అనుకునే విషయానికి వస్తాను. యాంటీబాడీ, వ్యాధి ఎప్పుడూ జంటగా నడవవు. 1996లో గిల్‌కెసన్ బృందం, లూపస్ ముప్పున్నా అది ఇంకా మొదలుకాని ఎన్‌జెడ్‌బీ-ఎన్‌జెడ్‌డబ్ల్యూ సంకర ఎలుకలకు బాక్టీరియా డీఎన్‌ఏ ఇచ్చింది. డీఎన్‌ఏ వ్యతిరేక యాంటీబాడీలు తయారయ్యాయి, అయినా మూత్రపిండాల జబ్బు తగ్గింది. టీఎల్‌ఆర్-9 జన్యువును తొలగించిన ఎంఆర్‌ఎల్-ఎల్‌పీఆర్ అనే మరో లూపస్ జాతి ఎలుకల్లో ఇందుకు తిరగబడిన చిత్రం కనిపించింది: డీఎన్‌ఏ వ్యతిరేక యాంటీబాడీలు పడిపోయాయి, జబ్బు మాత్రం ముదిరింది. ఈ రెండూ చదివిన తరువాత ఎలైజా (రక్తంలో యాంటీబాడీని కొలిచే పరీక్ష) అంకె ఒక్కదాన్నే చూసి టీకా సురక్షితమనో ప్రమాదకరమనో ఎలా అనగలం? మూత్రపిండం నిజంగా దెబ్బతినగల జంతువులోనే చూడాలి.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఎన్‌జెడ్‌బీ-ఎన్‌జెడ్‌డబ్ల్యూ సంకర జాతి ఆడ ఎలుకలకు. వ్యాధి తొంగిచూడకముందే, ఆరేడు వారాల వయసులో టీకా మొదలుపెట్టాలి. టీకా ప్లాస్మిడ్, యాంటిజెన్ (రక్షణ వ్యవస్థ గుర్తించాల్సిన ప్రొటీన్) జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్, ఉప్పునీరు అని మూడు గుంపులు తప్పనిసరి. ఖాళీ ప్లాస్మిడ్ గుంపు లేకపోతే తప్పు డీఎన్‌ఏ వెన్నెముకదో (ఆ జన్యువు కాక ప్లాస్మిడ్‌లో మిగిలిన భాగం), అది తయారుచేయించే ప్రొటీన్‌దో ఎన్నటికీ తేలదు. మూత్రంలో ప్రొటీన్ ఏ వయసులో స్థిరపడింది, ఎన్ని ఎలుకలు ఎంతకాలం బతికాయి, గ్లోమెరులస్‌లలో (మూత్రపిండంలోని వడపోత గుచ్ఛాలు) ఐజీజీ, సి3 అనే రక్షణ ప్రొటీన్ ఎంత పేరుకున్నాయి అన్నవి కొలవాలి.

దీని లోపం చిన్నది కాదు. ఈ ఎలుకలకు జబ్బు ఎలాగూ వస్తుంది, చాలావరకు ఏడాది తిరిగేలోపే చనిపోతాయి. కాబట్టి టీకా ఆ రాకను ముందుకు జరిపిందా అన్నదే ఇక్కడ అడగగల ప్రశ్న. గుంపులు చిన్నవైతే కొద్దిపాటి వేగం కంటపడదు. ఎంఆర్‌ఎల్-ఎల్‌పీఆర్ ఎలుకలతో ఫలితం త్వరగా వస్తుంది కానీ, అనవసర రక్షణ కణాలను తొలగించే ఫాస్ జన్యువులో లోపం వల్ల జబ్బు మరీ తొందరగా ముంచుకొస్తుంది. టీకా ప్రభావం బయటపడేందుకు వ్యవధి మిగలదు.

మోతాదును కూడా మరవకూడదు. 20 గ్రాముల ఎలుకకు 100 మైక్రోగ్రాములంటే కిలోకు 5 మిల్లీగ్రాములు. 2021లో భారత్‌లో అత్యవసర అనుమతి పొందిన కోవిడ్ డీఎన్‌ఏ టీకా జైకోవ్-డి ఒక్క మోతాదు 2 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి లెక్కిస్తే ఎలుకకు అందేది దాదాపు 150 రెట్లు. అదీకాక ఎలుకల్లో మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణాలు) మీద కూడా టీఎల్‌ఆర్-9 ఉంటుంది, మనుషుల్లో ప్రధానంగా బి కణాలకూ ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలనే మరో రకం రక్షణ కణాలకే పరిమితం. సీపీజీకి ఇంత ఎక్కువగా స్పందించే జంతువు, అదీ లూపస్ ముప్పున్నది, నిబ్బరంగా నిలబడితే ఆ ఫలితానికి నేను ఎక్కువ విలువిస్తాను. టీకా వల్ల జబ్బు ముదిరినట్టు తేలితే మాత్రం మోతాదు తగ్గించి మళ్లీ చూడకుండా టీకాను పక్కన పెట్టకూడదు.

మిగతా జంతువుల గురించి క్లుప్తంగా. కుందేళ్లు సాధారణ విషప్రభావ పరీక్షకు మంచివి, ఈ ప్రశ్నకు కాదు. కోతుల్లో సీపీజీ స్పందన మనిషికి దగ్గరగా ఉంటుంది, కానీ సంఖ్య ఎప్పుడూ తక్కువే. మధుమేహం వచ్చే ఎన్‌ఓడీ ఎలుకలు, నరాల పైపొర అయిన మయెలిన్‌పై దాడిని పరీక్షించే నమూనాలు, మీ యాంటిజెన్ ఆ కణజాలాల ప్రొటీన్లను పోలి ఉన్నప్పుడే అవసరం.

ఇదంతా ప్రతి టీకాకూ చేయాలా? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007 మార్గదర్శకంలో, అంటువ్యాధుల ప్లాస్మిడ్ టీకాలకు ప్రత్యేకమైన ఆటోఇమ్యూన్ జంతు పరీక్షలు ఇక అక్కర్లేదని చెప్పింది. అప్పటికి పోగైన ఫలితాలను చూస్తే అది సరైన నిర్ణయమే. తెలిసిన వెన్నెముకతో మామూలు వైరస్ యాంటిజెన్ ఇస్తున్నవారు ఏడాది కాలాన్నీ అన్ని ప్రాణాలనూ వెచ్చించనక్కర్లేదు. అయితే ప్లాస్మిడ్‌లో ఐఎల్-12 లాంటి సైటోకైన్ (రక్షణ కణాలను ఉసిగొల్పే ప్రొటీన్) జన్యువు చేర్చినా, సీపీజీ వరుసలను కావాలని పెంచినా ఆ పాత ఫలితాలు మీ టీకాకు వర్తించవు. అప్పుడు ఆ సంకర జాతి ఎలుకలనే తెప్పించండి, ఏడాది ఆగండి, మూత్రపిండాల స్లైడ్లను ఏ గుంపువో తెలియని పాథాలజిస్టుతో చదివించండి.