విశాఖలో ఏ కోర్సు పెట్టాలి? పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటా ఎంతవరకు పనికొస్తుంది

గాజువాకలోనో కంచరపాలెంలోనో శిక్షణ కేంద్రం తెరిచేవాళ్లు పక్క కేంద్రంలో ఏ బ్యాచ్ నిండిందో చూసి అదే కోర్సు పెడుతుంటారు. అంతకంటే మంచి ఆధారం ఉచితంగానే దొరుకుతోంది. జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్ నుంచి నడుపుతున్న శ్రామిక శక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) అది. నివేదికలో ఉండేది సగటులే. అసలు సరుకంతా మనిషికో వరుస చొప్పున (పేర్లు లేకుండా) ఉండే యూనిట్ డేటాలో ఉంది. మైక్రోడేటా పోర్టల్‌లో ఖాతా తెరిస్తే దించుకోవచ్చు.

డబ్బు ఖర్చు లేదు గానీ ఓపిక బాగా కావాలి. టెక్స్ట్ ఫైలు తెరవగానే అంకెలన్నీ అతుక్కుపోయి కనిపిస్తాయి. ఏ వివరం ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుందో లేఅవుట్ షీట్ చూసి ఆర్, స్టాటా లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. ఆ తర్వాత వెయిట్లు, అంటే నమూనాలోని ఒక్కో మనిషి జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 2024 దాకా వచ్చిన ఫైళ్లలో నమూనా యూనిట్ల సంఖ్య చూపే ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే గళ్లలో అంకె ఒకటే అయితే మల్టిప్లయర్‌ని (వెయిట్ లెక్కకు ఫైల్లో ఇచ్చే అంకె) 100తో, వేరైతే 200తో భాగించాలి. నాలుగు త్రైమాసికాలు కలిపితే మళ్లీ 4తో. పట్టణాల్లో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్తారు కాబట్టి తొలి సందర్శన ఫైలుకు మలి సందర్శన ఫైలు కలిపితే ఒక మనిషి నలుగురవుతాడు. ఆ ఏళ్ల వార్షిక లెక్కకు తొలి ఫైలు చాలు.

మెచ్చుకోవాల్సింది శిక్షణ ప్రశ్న. 12 నుంచి 59 ఏళ్లవాళ్లను పని ఎలా నేర్చుకున్నారో అడుగుతారు: సంస్థలోనా, వంశపారంపర్యంగానా, పనిచేస్తూనా, సొంతంగానా? సర్టిఫికెట్ లేని వడ్రంగి, షెడ్డులో చేయి తిరిగిన ఫిట్టర్ విడిగా తేలతారు. అలాంటివాళ్లు ఎక్కువున్న పనికి ఆర్నెల్ల కోర్సు దండగ. నైపుణ్య పరీక్ష పెట్టి, తక్కువైనది కొద్దిరోజుల్లో నేర్పితే సరిపోతుంది. సంపాదన వివరాలూ ఉన్నాయి, కానీ నెలజీతగాళ్లకు గత క్యాలెండర్ నెల, సొంత పనివాళ్లకు గత 30 రోజులు, కూలీలకు ఆ వారంలో రోజువారీగా నమోదవుతాయి. మూడింటినీ ఒకే పట్టికలో పోల్చకండి.

ఇక లోపాలు. షిప్‌యార్డుకు కావాల్సింది 6జీ పైపు వెల్డర్ (వాలుగా బిగించిన పైపును అతికే అర్హత ఉన్నవాడు); డేటాలో వృత్తి కోడ్ మూడంకెలే. 721లో వెల్డర్లు, మోల్డర్లు, రేకు పనివాళ్లు ఒకే గంపలో ఉంటారు. విశాఖలాంటి ఊరికి ఇది పెద్ద లోటే. పైగా సర్వే మనిషిని ఇంటి దగ్గర లెక్కపెడుతుంది, పనిచోట కాదు. గాజువాకలో ఉంటూ పరవాడ ఫార్మాలో పనిచేసేవాడు విశాఖ లెక్కలోకే వస్తాడు, పరవాడేమో 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. పాత జిల్లా సరిహద్దుల ఫైళ్లలోని విశాఖ అంటే అరకు, పాడేరు కూడా కలిసిన ఉమ్మడి జిల్లా. పాత, కొత్త లెక్కలను వరుసగా గ్రాఫ్ గీస్తే వచ్చే మార్పులో కొంత సరిహద్దుదే.

2025 జనవరి నుంచి నమూనా పెరిగింది. జిల్లానే ప్రాథమిక స్ట్రాటమ్‌గా (నమూనా ఎంచుకునే మూల విభాగంగా) తీసుకుంటున్నారు, నెలనెలా అంచనాలూ వస్తున్నాయి. అయినా జిల్లా, వయసు, వృత్తి అని మూడు జల్లెళ్లు పట్టాక గడిలో పదిమంది కూడా మిగలరు.

మా మార్కు 5కి 3.5. వేతనాల తీరు, శిక్షణ తీరు తెలుసుకోవడానికి రాష్ట్ర స్థాయిలో భేష్. సీట్ల సంఖ్యకు మాత్రం అచ్యుతాపురం, పరవాడ యూనిట్ల హెచ్‌ఆర్‌లకు ఫోన్లు చేసి, అప్రెంటిస్ ఖాళీలు చూసుకోవాల్సిందే. జిల్లా అంకె తప్పనిసరైతే శ్రీకాకుళం, విజయనగరం వరుసల్నీ చేర్చి, రెండు మూడేళ్ల ఫైళ్లు కలిపి, వెయిట్ వేయని అసలు మనుషుల సంఖ్యను పట్టికలో పక్కనే వేయండి.