చెరువు తగాదా: పెద్దమనుషులా, తహసీల్దారా, లోక్ అదాలతా?

తూర్పున తెలుగుగంగ, పడమట హంద్రీ-నీవా కాలవలు వచ్చినా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో శానా ఊళ్లకు ఇప్పటికీ చెరువే దిక్కు. స్వర్ణముఖి, నీవా, కౌండిన్య వానొస్తేనే పారే ఏర్లు. ఈశాన్య రుతుపవనం కనికరించి చెరువు నిండి మొరవ పోయిన ఏడు ఊళ్లో గొడవుండదు. సంక్రాంతి దాటి తూము నీళ్లు సన్నబడ్డాకే మొదలవుతుంది. అప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి?

మొదట చెరువు కట్ట మీద కూర్చుని పంచాయితీ చేసే పెద్దమనుషులు. వాళ్లను పాతకాలపు సరుకని తీసిపారేసేవాళ్లకు చెరువు సంగతి తెలియదనే అంటాను. నీళ్ల పంపకం రోజుల్లో తేలాలి. వరి పొట్టమీదున్నప్పుడు వాయిదా పడితే తీర్పొచ్చే నాటికి మిగిలేది గడ్డే. ఏ మడికి ఎన్ని తడులు అందాయో, చివరి మడికి ఎందుకు అందలేదో తూము తెరిచి నీళ్లు పంచే నీరుగంటికి తెలిసినట్టు ఏ ఆఫీసరుకూ తెలియదు. నీళ్లు చాలని ఏడు పైరు మొత్తం ఎండబెట్టుకోకుండా, కట్ట కింది మడులనే ఆయకట్టుదారులంతా దామాషాగా పంచుకుని సాగు చేసే పద్ధతి రాయలసీమలో ఉండేది. అంటే ఒకరి పొలంలో ఇంకొకరు పంట పెట్టుకోవడం. ఇలాంటి ఉత్తర్వు ఏ కోర్టు రాయగలదు? ఊరు ఒప్పుకుంటేనే జరిగే పని అది.

అయితే పెద్దమనుషుల మాటకు బలం ఎక్కడినుంచి వచ్చింది? అందరికీ ఒకటే తూము కాబట్టి. బోర్లు వచ్చాక అది సడలింది. సొంత బోరున్న రైతుకు తూముతో పనిలేదు, కట్టుబాటుతోనూ పనిలేదు. కట్ట తెగితే మట్టి మోయడానికీ రాడు. ఇంకో లోపం పాతదే. ఆ కూటంలో కూర్చునేది భూమున్న మగవాళ్లు. గొర్రెలు తోలుకొచ్చేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, చాకిరేవు మీద బతికేవాళ్లు, నీళ్లు మోసే ఆడవాళ్లు లేకుండా జరిగిన రాజీ సగం రాజీయే. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ లోటు తీర్చలేదు. వాటి ఆధారమూ ఆయకట్టు భూమే కదా.

తహసీల్దారు సంగతి వేరు. నీళ్ల వంతుల గొడవ ఆయన దగ్గరికి తీసుకుపోతే, ‘మీలో మీరు మాట్లాడుకోండి’ అంటాడు, అందులో తప్పులేదు. చెరువులోకి నీళ్లొచ్చే కాలవను ఎవరో చదును చేసి మామిడి మొక్కలు నాటితే మాత్రం పెద్దమనుషుల దగ్గర కూర్చోవద్దు. సర్వేయరు వచ్చి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూసి గొలుసు పట్టాల్సిందే. ‘పోనీలే, ఊరికి ఇంత డబ్బు కట్టి ఉంచుకోనీ’ అనే హక్కు ఊరి పెద్దలకు లేదు. పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు ఆక్రమణ కేసులో, ధర కట్టించుకుని వదిలేయాలన్న కలెక్టరు ఆలోచనను సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకోలేదు. బోర్ల విషయంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కానీ ఫిర్యాదు రిగ్గు లారీ ఊళ్లోకి రాకముందే పడాలి. బోరు దిగాక పక్క రైతుకు మిగిలేది సోమవారం గ్రీవెన్సుకు తిరగడమే.

ఇక లోక్ అదాలత్. దీన్ని మూడో దారి అనుకునేవాళ్లు ఎక్కువ. నా లెక్కలో ఇది మొదటి దారికి కొట్టే ముద్ర. అక్కడ బలవంతపు తీర్పు ఉండదు, రాజీ కుదిరితేనే అవార్డు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కోర్టు ఫీజూ లేదు. కేసు వేయకముందే మండల న్యాయ సేవల కమిటీ దగ్గరికి పోవచ్చు. కట్ట మీద అయిన ఒప్పందాన్ని అక్కడ రాయిస్తే, వచ్చే ఏడు ‘నేనెప్పుడన్నాను’ అనేవాడి నోరు మూతపడుతుంది. చిక్కొకటే. సంతకం పెట్టినవాళ్లనే అది కట్టేస్తుంది. ఇద్దరు ముగ్గురు పంచుకునే బావికి ఇది బంగారం. వంద మంది ఆయకట్టుకు అందరినీ తీసుకురావడమే సగం పని.

సివిల్ దావా ఆఖరిది. ఇరవై ఏళ్లుగా వాడుకుంటున్న కాలవ హక్కును కాపాడుకోవడానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల (వాడుక హక్కుల) చట్టం అక్కరకొస్తుంది గానీ, ఈ ఏటి పంటకు కాదు.

నన్నడిగితే వంతుల గొడవకు కట్ట మీది పెద్దమనుషులే మేలు, ఆక్రమణకు తహసీల్దారే మేలు. ఉమ్మడి బావులకూ, పక్కపక్క బోర్లకూ ముందు మాట, తర్వాత లోక్ అదాలత్. వంతుల కాగితం మాత్రం తూము సన్నబడ్డాక కాదు, కార్తీకంలో చెరువు నిండుగా ఉన్నప్పుడే రాసుకోండి. అప్పుడు ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ పట్టింపుండదు, సంతకాలు తొందరగా పడతాయి. గొర్రెలోళ్లను కూడా పిలవండి.