సన్న యోయోల్లో నా చేతికి నప్పింది ఏది

పోటీల్లో ఆడే యోయోలు రానురాను వెడల్పు అయిపోయాయి. నాకేమో సన్నవే ఇష్టం. కొన్నేళ్లుగా నా దగ్గర నాలుగు సన్న అన్‌రెస్పాన్సివ్ యోయోలు ఉన్నాయి. డంకన్ వాళ్ళ ఫ్రీహ్యాండ్ జీరో, బటర్‌ఫ్లై ఎక్స్‌టీ, యోయోఫ్యాక్టరీ డీవీ888, వన్ డ్రాప్ ఎం1. పోల్చి చూడటానికి వెడల్పాటి యోయోఫ్యాక్టరీ షట్టర్ కూడా ఉంది. డాలస్‌లో ఉండే మా బావ ఊరొచ్చినప్పుడల్లా ఒక్కోటి తెచ్చిపెట్టాడు. ఎం1 మాత్రం పాతది, ఎవరో వాడి అమ్మినది. అన్నీ అంచులు నలిగేదాకా వాడాక రాస్తున్నాను.

ముందు అన్‌రెస్పాన్సివ్ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మనలో చాలామందికి యోయో అంటే చిన్నప్పుడు కూల్‌డ్రింక్ బొమ్మతో వచ్చిన ప్లాస్టిక్ బిళ్ళే. విసిరి లాగితే పైకి వచ్చేది, లేదంటే అడుగున ఆగిపోయేది. మా మేనల్లుడికి షట్టర్ ఇస్తే విసిరి, లాగి లాగి, ‘మామయ్యా, ఇది పాడైపోయింది, పైకి రావట్లేదు’ అన్నాడు. పాడవలేదు, అది అలా లాగితే రాదు. అన్‌రెస్పాన్సివ్ అంటే అదే. దారం బేరింగ్ పైవలయం మీద కూర్చుని ఉంటుంది, రెండు పక్కల బిళ్ళలు దానితో సంబంధం లేకుండా తిరుగుతుంటాయి. పైకి రావాలంటే బైండ్ చేయాలి. దారాన్ని మడిచి, ఆ మడతని తిరుగుతున్న గ్యాప్‌లోకి, అంటే రెండు బిళ్ళల మధ్య సందులోకి వదలాలి. అక్కడ దారం ఒక్కసారిగా రెండింతలై, రెండు పక్కలా ఉన్న సిలికాన్ ప్యాడ్లకి రాసుకుంటుంది. ప్యాడ్లు దాన్ని పట్టేస్తాయి, యోయో ఠప్పున అరచేతిలోకి వచ్చి పడుతుంది. ఈ ‘ఠప్పున’ అన్న మాట గుర్తుంచుకోండి, దీని గురించి మళ్ళీ చెప్తాను.

సన్నం అంటే గ్యాప్ సన్నం అనుకుంటారు చాలామంది. అది కాదు. ఇప్పుడు ఎక్కువగా వాడే ‘సి’ సైజు బేరింగ్ బయటి వ్యాసం 12.7 మి.మీ., వెడల్పు 4.76 మి.మీ. అది రెండు పక్కలా కాస్త లోపలికి దిగి కూర్చుంటుంది కాబట్టి గ్యాప్ అంతకన్నా కొంచెం తక్కువ ఉంటుంది. సన్న యోయోలోనైనా వెడల్పు యోయోలోనైనా ఈ లెక్క దాదాపు ఒకటే. తేడా అంతా గ్యాప్ దాటాక వచ్చే గోడల్లో ఉంది. షట్టర్ 44 మి.మీ. వెడల్పు, గోడలు వాలుగా బయటికి పోతాయి. దారం ఎక్కడ తగిలినా జారి మధ్యలోకి వచ్చేస్తుంది. సన్నవాటికి మొత్తం వెడల్పే 40 మి.మీ. దరిదాపుల్లో లేదా ఇంకా తక్కువ. గోడలు నిలువుగా, దారానికి దగ్గరగా ఉంటాయి. ఒకటి రెండు పోగులు ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది. నాలుగైదు పోగులు పేరుకుంటే అవి గోడలకి ఒరుసుకుని వేగాన్ని తినేస్తాయి, యోయో ఒక పక్కకి ఒరిగిపోతుంది.

పోటీల వాళ్ళు వెడల్పువైపు ఎందుకు పోయారో దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రపంచ పోటీలో 1ఏ విభాగం (ఒక్క యోయోతో దారం ట్రిక్కులు చేసేది) ఫైనల్ మూడు నిమిషాలు. జడ్జీలు చేతిలో క్లిక్కర్లు (నొక్కితే అంకె మారే లెక్క మిషన్లు) పట్టుకుని ట్రిక్కులోని ప్రతి ముక్కకీ ప్లస్ నొక్కుతారు, తప్పితే మైనస్ నొక్కుతారు. అంత హడావుడిలో గాలిలో ఊగే దారాన్ని పట్టుకోవడానికి నోరు పెద్దగా ఉన్న యోయోనే కావాలి. షట్టర్ జెంట్రీ స్టైన్ పేరు మీద వచ్చిన మోడల్. ఆయన 2014లో ప్రాగ్‌లో, మళ్ళీ 2019లో క్లీవ్‌లాండ్‌లో ప్రపంచ విజేత. అటువంటి ఆటకి అది సరిగ్గా సరిపోతుంది. మరి నేను పోటీకి పోను. సాయంత్రం డాబా మీద ఆడుకుంటాను, ఎదురింటి పిల్లలు గోడ ఎక్కి చూస్తారు. నాకు మైనస్ నొక్కేవాళ్ళు ఎవరూ లేరు.

బటర్‌ఫ్లై ఎక్స్‌టీ గురించి రెండు ముక్కలు చాలు. ప్లాస్టిక్, లోపల బేరింగ్, ధర తక్కువ. పెట్టెలోంచి తీసినప్పుడు లాగితే కాస్త పైకి వస్తుంది. ప్యాడ్లు అరిగాక పూర్తిగా బైండ్ మీదే నడుస్తుంది. నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి మార్గం లేదు, అది వాళ్ళకి తెలియకుండానే వాళ్ళని ఒక మెట్టు ఎక్కిస్తుంది. ట్రపీజ్ (తిరుగుతున్న యోయోని దారం మీద దించే ట్రిక్కు) వచ్చాక మాత్రం దీన్ని పక్కన పెట్టేస్తారు. నాదిప్పుడు మేనల్లుడి దగ్గర ఉంది.

ఫ్రీహ్యాండ్ జీరో కథ వేరు. దీని పేరులోనే దీని పుట్టుక ఉంది. దారం వేలికి కట్టకుండా, ఆ కొసన చిన్న బరువు కట్టి ఆడే పద్ధతిని స్టీవ్ బ్రౌన్ అనే ఆటగాడు తెచ్చాడు. పోటీల్లో దాన్నే 5ఏ అంటారు. డంకన్ వాళ్ళు ఆ పద్ధతి కోసమే ఫ్రీహ్యాండ్ వరసని తయారు చేశారు. పాలికార్బనేట్ బాడీ, పక్కన ఊడదీసే మూతలు. ఒకప్పుడు ఆటగాళ్ళు దీన్ని కోయనిదీ చెక్కనిదీ లేదు. మూతలు తీసి బరువులు పెట్టేవాళ్ళు, గ్యాప్ పక్కన ప్యాడ్లుగా అంటించిన స్టిక్కర్లు పీకేసి ఆ గాడిలో సిలికాన్ నింపేవాళ్ళు. నేనూ అదే చేశాను. బైకు స్పేర్ పార్ట్స్ కొట్లో గాస్కెట్‌కి వాడే ఆర్‌టీవీ సిలికాన్ ట్యూబు దొరుకుతుంది. గాడిలో సన్నగా పోసి, పాత ఏటీఎం కార్డు అంచుతో సమం చేసి, రాత్రంతా ఆరనిస్తే చాలు. ఆ తర్వాత బైండ్ ఎంత చక్కగా పడుతుందంటే, ఖరీదైన వాటికి తీసిపోదు.

ఫ్రీహ్యాండ్‌లో నాకు నచ్చే ఇంకో విషయం దాని మెత్తదనం. మా ఇంట్లో నేలంతా విట్రిఫైడ్ టైల్స్. అల్యూమినియం యోయో వాటి మీద పడితే అంచు మీద సొట్ట, టైల్ మీద గీత, కింది ఫ్లాట్ ఆంటీ నుంచి ఫోన్, మూడూ ఖాయం. ప్లాస్టిక్ పడితే ‘టక్’ అంటుంది, అంతే. వాన పడి డాబా మీదికి వెళ్ళలేని రోజుల్లో హాల్లో ఆడేది దీంతోనే (ఫ్యాన్ ఆపేసి, ఇది మాత్రం మర్చిపోకండి). కాకపోతే ప్లాస్టిక్ కాబట్టి బరువు అంచుల్లోకి పోదు. గట్టిగా విసిరినా ఒక పొడవాటి కాంబో (వరసగా కలిపి చేసే ట్రిక్కులు) మధ్యలోనే వేగం తగ్గిపోతుంది. 5ఏకి, ఇంట్లో ఆడటానికి సరే. పొద్దస్తమానం దీంతోనే ఆడమంటే విసుగొస్తుంది.

డీవీ888 అల్యూమినియం. దీని మూలం 2000ల నాటి యోయోఫ్యాక్టరీ 888. ఆ 888కి పక్కల హబ్‌స్టాక్స్ ఉండేవి, అంటే విడిగా బేరింగ్ మీద తిరిగే బొడిపెలు. యోయో తిరుగుతుండగానే వాటిని వేళ్ళతో పట్టుకుని నిలబెట్టొచ్చు. డీవీకి అవి తీసేసి ధర తగ్గించారు. వ్యాసం 50 మి.మీ. దగ్గరే ఉంటుంది, షట్టర్ 56. చూడటానికి ముద్దుగా ఉంటుంది, జీన్స్ జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు తీసి ఆడుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు.

ఆడితే చురుగ్గా ఉంటుంది, మణికట్టు కదిపితే చాలు, దిశ మార్చేస్తుంది. చిన్నదవడం వల్ల వచ్చే ఇబ్బంది ఈలై హాప్స్‌లో బయటపడుతుంది. ట్రపీజ్‌లో యోయో దారం మీద కూర్చుని ఉంటుంది. చేతులు రెండూ దూరంగా లాగితే దారం బిగిసి యోయో పైకి ఎగురుతుంది. మళ్ళీ చేతులు దగ్గర చేస్తే అదే దారం మీదికి దిగాలి. షట్టర్ అయితే తల ఎత్తు దాకా ఎగరేసినా దిగేటప్పుడు వెడల్పు గోడ దారాన్ని లోపలికి లాక్కుంటుంది. డీవీకి ఆ పెద్ద నోరు లేదు. కొంచెం పక్కకి దిగిందా, దారం అంచుకి తగిలి యోయో వంకర తిరుగుతుంది, ఆ పైన ఎంత సరిచేసినా ఆ కాంబో అయిపోయినట్టే. లాసరేషన్స్ లాంటివి, అంటే వదులు దారాన్ని ఊపి గాలిలోనే గ్యాప్‌లోకి పట్టుకునే ట్రిక్కులు, దీంతో నాకు పదింట్లో సగం కూడా పడవు. ఇందుకు యోయోని తిట్టను. అది జేబులో పెట్టుకోవడానికి చేసిన సైజు.

ఇక ఎం1. వన్ డ్రాప్ అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం యూజీన్ ఊళ్ళో ఉన్న చిన్న కంపెనీ, సొంత మెషీన్ల మీద కోసి చేసేవాళ్ళుగా వాళ్ళకి పేరు. ఎం1 వాళ్ళ తొలి మోడళ్ళలో ఒకటి, తక్కువ ధరకి ఇవ్వాలని చేసింది. ఆకారం గుండ్రం, పదునైన అంచు అంటూ ఎక్కడా లేదు. నాకు దొరికిన దానికి రంగు లేదు, ఇసక కొట్టినట్టు గరుకైన వెండి రంగు ఉపరితలం. పాత యజమాని ఒక చోట నేలకి కొట్టిన గుర్తు ఉంది. గోరు ఆనిస్తే సన్నగా వణుకు తెలుస్తుంది, దారం మీద ఆడేటప్పుడు తెలియదు.

కాగితం మీద చూస్తే ఇది ఓడిపోవాలి. గుండ్రటి గోడలంటే గ్యాప్ పక్కనే గోడ నిటారుగా లేస్తుంది, పోగులు పెరిగితే రాపిడి తప్పదు. తిరిగే సమయంలో షట్టర్ దరిదాపుల్లోకి రాదు. వరసగా పోగులు చుట్టుకునే కొత్త తరహా ట్రిక్కులు దీంతో మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తాను. అయినా సాయంత్రం డ్రాయర్ తీస్తే చెయ్యి దీని మీదికే పోతుంది.

ఎందుకంటే ఆ ‘ఠప్పున’. యోయో ఆడే మనిషి రోజంతా ఎక్కువసార్లు చేసే పని ట్రిక్కు కాదు, విసరడం, పట్టుకోవడం. ప్రతి ట్రిక్కుకీ ముందు ఒక విసురు, తర్వాత ఒక క్యాచ్ ఉంటాయి. ట్రిక్కు తప్పినా అవి రెండూ తప్పవు. సమీక్షలన్నీ మధ్యలో జరిగేదాని గురించే రాస్తాయి, ఎంతసేపు తిరిగింది, ఎంత నిలకడగా ఉంది అని. నా అరచెయ్యి పెద్దది కాదు. షట్టర్‌ని విసరడానికి పట్టుకుంటే వేళ్ళు పూర్తిగా మూసుకోవు, మధ్యవేలు అంచు మీద ఆగుతుంది. బైండ్ అయి వేగంగా వచ్చినప్పుడు ఆ వాలు అంచు బొటనవేలి మొదట్లో తగులుతుంది. ఒకటి రెండుసార్లయితే ఏమీ అనిపించదు. గంట ఆడాక అక్కడ ఎర్రగా కందిపోతుంది. ఎం1 వచ్చి పడితే చెయ్యి దాని చుట్టూ మూసుకుంటుంది, చాకలి సబ్బు బిళ్ళ అరిగి చేతికి కుదిరినట్టు. విసిరేటప్పుడు కూడా అంతే, పట్టు నిండుగా ఉండటంతో విసురు నేరుగా పోతుంది. విసురు నేరుగా పోతే మొదటి నుంచే ఒరగదు, ఆ మేరకు సన్నదనం వల్ల పోయింది కొంత వెనక్కి వస్తుంది. డీవీ కూడా చేతిలో ఇముడుతుంది కానీ మరీ చిన్నదవడంతో క్యాచ్‌లో బరువు తెలియదు. ఫ్రీహ్యాండ్ ప్లాస్టిక్ తేలిక.

ఎం1 గరుకుదనం మరో పని కూడా చేస్తుంది. తిరుగుతున్న యోయోని ముంజేతి మీద నడిపించే గ్రైండ్స్ దీంతో బాగా వస్తాయి. అయితే విజయవాడ మే నెలలో కాదు. చర్మం తడిగా ఉంటే యోయో ఎంత గరుకుగా ఉన్నా అతుక్కుని ఆగిపోతుంది. సంక్రాంతి రోజుల్లో వచ్చినంత పొడవు గ్రైండు ఎండాకాలంలో రానే రాదు.

సన్న యోయో కొని బాగాలేదని పక్కన పడేసినవాళ్ళలో చాలామందిది దారం సమస్యే అని నా అనుమానం. వెడల్పు యోయో ఏ దారం వేసినా నడుస్తుంది. సన్నదానికి లావు దారం వేస్తే మూడో పోగుకే గోడలకి రాసుకుంటుంది. మరీ సన్నది వేస్తే బైండ్‌లో ప్యాడ్లు పట్టక జారుతుంది. మధ్యస్థంగా ఉన్న పాలిస్టర్ దారం నాకు కుదిరింది. కాటన్ వద్దు, ఈ ఆటకి త్వరగా పీచులు లేస్తుంది. దారం టెన్షన్ కూడా చూసుకోవాలి. ఆడుతున్నకొద్దీ మెలిక బిగుస్తుంది లేదా విడిపోతుంది. బిగుస్తే వదులు లూపు గాలిలోనే మెలిపడి గ్యాప్‌కి అందదు. వేలి ముడి తీసేసి, యోయోని చేత్తో పట్టుకుని దారాన్ని కిందికి వేలాడదీస్తే దానంతట అదే తిరిగి సర్దుకుంటుంది. సన్న యోయోతో ఆడేటప్పుడు ఇది నాకు నీళ్ళు తాగినంత అలవాటైపోయింది.

బేరింగ్ సంగతి కూడా చెప్పాలి. మా వీధి దుమ్ముకి కొన్నాళ్ళకే కిర్రుమంటుంది. షీల్డు (బేరింగ్ పక్కనుండే పల్చటి మూత) తీసి థిన్నర్‌లో కడిగి, పూర్తిగా ఆరాక సన్నటి నూనె ఒక్క చుక్క, అది కూడా సూది మొనతో వేయాలి. కుట్టుమిషను నూనె పోసేశారంటే బేరింగ్ బరువెక్కి, లాగితే పైకి వచ్చే రకంగా మారిపోతుంది. మేనల్లుడికి అదే కావాలి కాబట్టి వాడి బటర్‌ఫ్లైకి కావాలనే పోస్తుంటాను.

కొత్తగా కొనాలనుకునేవాళ్ళు ముందు ఫ్రీహ్యాండ్ జీరో గానీ బటర్‌ఫ్లై గానీ చూడండి, సన్నదనం మీకు పడుతుందో లేదో తక్కువ ఖర్చులో తెలిసిపోతుంది. విదేశీ సైటు ధరకి షిప్పింగూ కస్టమ్సూ కలిపితే లెక్క మారుతుంది, ఎవరైనా వస్తుంటే వాళ్ళతో తెప్పించుకోవడం మేలు. పోటీ ట్రిక్కులే లక్ష్యమైతే ఈ నాలుగింటి జోలికీ పోకుండా షట్టర్ లాంటిదే కొనండి, నాదీ అమ్మలేదు, కొత్త ట్రిక్కు నేర్చుకునేటప్పుడు మొదట దాంతోనే చేస్తాను. ఎం1 ఇప్పుడు కొత్తది అంత సులువుగా దొరకదు, సెకండ్ హ్యాండే గతి. అమ్మేవాళ్ళని రెండు బిళ్ళలూ విప్పి లోపలి మరలూ బేరింగ్ కూర్చునే చోటూ వీడియో తీసి పంపమనండి. అంచు మీద సొట్ట ఉంటే బేరమాడొచ్చు. మర అరిగి ఉంటే మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు.