'నీ టైప్ ఏంది' వర్క్‌షాప్: స్లిప్పులకు ఫుల్ మార్కులు, ఫొటోలకు సున్నా

నాలుగు నెలల కింద హైదరాబాద్ కృష్ణానగర్‌ల ఒక యాక్టింగ్ స్టూడియో వాళ్లు పెట్టిన రెండు రోజుల వర్క్‌షాప్‌కి పోయిన. మీ కాస్టింగ్ టైప్ ఏందో, అంటే చూడంగనే జనం మిమ్మల్ని ఏ వేషంల నమ్ముతరో, రెండు రోజులల్ల చెప్తం అని పోస్టర్ మీద ఉండె. ఫీజు 4,500, పగటి భోజనం వాళ్లదే, పప్పు పెరుగు, బానే ఉండె. పేరు ఎందుకు రాస్తలేనంటే ఫొటోల పైసల గురించి వాళ్లతోని ఇంకా నడుస్తుంది, తేలలే, అందుకే.

ముందు నా సంగతి జర చెప్పాలె, లేకుంటే మిగతాది అర్థం కాదు. మాది కరీంనగర్ దిక్కు, వయసు 36, ఒక స్కూల్ల లెక్కలు చెప్తా, మూడేండ్ల సంది ఆడిషన్లు ఇస్తున్న. ఇస్తున్న అంటే వాట్సాప్ గ్రూపుల మెత్తటి వేషం ఏది కనవడ్డా దానికి వీడియో పంపుడే. హీరో వదిన, హీరోయిన్ అక్క, సాఫ్ట్ మదర్, అన్నింటికీ అదే గులాబీ రంగు చీర, అదే నవ్వు, టీవీల వార్తలు చదివినట్టు అదే తెలుగు. ఇంట్ల మాట్లాడే మాట ఒకటి, కెమెరా ముంగట మాట్లాడే మాట ఇంకోటి. మూడేండ్లల్ల దొరికినయ్ రెండే రెండు, ఒక పెండ్లి సీన్ల నాలుగో వరుస కుర్చీల కూసునుడు, ఒక చీరల షాపు యాడ్‌ల బిల్లు కౌంటర్ కాడ నిలవడుడు.

ఇగ వర్క్‌షాప్. మొత్తం 14 మందిమి, ఒకళ్లకొకళ్లం తెల్వదు. ఫస్ట్ గంట ఎవ్వలూ మాట్లాడొద్దు అన్నరు, పేరు గూడ చెప్పొద్దు. ఒక్కొక్కలు లోపలికి నడుసుకుంట రావాలె, కుర్చీల కూసోవాలె, గ్లాసు నీళ్లు తాగాలె, లేసి పోవాలె, అంతే. చూసేటోళ్లు చిన్న స్లిప్పుల మీద రాయాలె. ఈ మనిషి వయసెంత, ఏం పని చేస్తది, ఏ ఊరు, పిల్లలున్నరా, అర్ధరాత్రి మీ బండి ఆగిపోతే ఈమెను సాయం అడుగుతరా, అప్పు అడుగుతరా. ఈ ప్రశ్నలు ఎవలు తయారు చేసిన్రో గానీ మస్తు తెలివి, ఎందుకంటే "ఈమె మంచిగ యాక్ట్ చేస్తదా" అని ఎక్కడా లేదు.

నాకు 13 స్లిప్పులొచ్చినయ్. తొమ్మిదింట్ల సర్కారు కొలువు, అండ్ల నలుగురు పోలీస్ అని రాసిన్రు. ఇద్దరు హాస్టల్ వార్డెన్ అన్నరు. ఒకలైతే "మా మేనత్త, పంపకాలప్పుడు గొడవ పెట్టుకున్న ఆమె" అని రాసిన్రు, ఎవలో ఇప్పటికీ తెల్వదు. వయసు అందరూ 40 పైనే వేసిన్రు. హీరోయిన్ అక్క అని ఒక్కలు గూడ రాయలే. సాయం అడుగుతం అన్నోళ్లు పదకొండు మంది, అప్పు అడుగుతం అన్నోళ్లు సున్నా.

నిజం చెప్తున్న, బాత్‌రూంల పోయి జరసేపు ఏడ్చిన. 40 ఏందసలు.

నేర్పే సార్ చాన ఏండ్లు కో-డైరెక్టర్‌గ చేసిండట. మళ్ల వచ్చి కూసున్నంక ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ యాదికుంది. ఒక్క సీనే ఉన్న క్యారెక్టర్‌కి పరిచయం చేసే టైం ఎవ్వలూ ఇయ్యరు, తలుపు తీసుకొని నర్సు లోపలికొస్తే ఆమె నర్సని జనం అప్పుడే నమ్మాలె, నమ్మకుంటే ఆ సీన్ అక్కడే చెడిపోతది, అందుకే ఫోన్ల వందల వీడియోలు చూసేటోడు మొదటి రెండు మూడు సెకన్లల్లనే వేలుతోని నూకేస్తడు, అది మీ మీద కోపం కాదు మేడం, మీరు నవ్వుకుంట వదిన వేషంల వస్తుంటే మీ కండ్లేమో హాజరు పట్టీ తీస్తున్నయ్, చూసేటోనికి రెండు పొసుగుతలేవు, అన్నడు. హాజరు పట్టీ మాట విని నాకే నవ్వొచ్చింది, ఎందుకంటే నేను టీచర్‌నని అప్పటిదాంక ఆయనకు తెల్వదు.

రెండో రోజు పొద్దున యాస గురించి. ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడమన్నడు, అన్న కొడుకును తిట్టినట్టు తిట్టిన, బ్యాచ్ మొత్తం సప్పుడు లేదు. ఇన్నేండ్లు ఇది ఎందుకు దాసిపెట్టిన్రు అని అడిగిండు. ఎందుకంటే నాకు ఊహ తెలిసిన సంది సినిమాల మా మాట విలన్‌కో కామెడీకో ఇచ్చుడే చూసిన. 1985ల ప్రతిఘటనల కోట శ్రీనివాసరావు గారు ఆ యాసతోనే విలన్‌గ జనంల పడ్డరు, ఆయనదేమో కృష్ణా జిల్లా కంకిపాడు. ఇప్పుడు లెక్క మారింది, 2023ల బలగం వచ్చినంక ఇంటిల్లిపాది మా మాటే మాట్లాడిన సినిమాను జనం ఏడ్చుకుంట చూసిన్రు. ఆ రాత్రి ఇంటికొచ్చి గ్రూపుల పాత మెసేజ్‌లు వెతికిన. "ఫిమేల్, 40 ప్లస్, ఆఫీసర్ లుక్, తెలంగాణ స్లాంగ్ కంపల్సరీ." ఇసొంటియి ఒక్క ఏడాదిల పందొమ్మిది వచ్చినయ్. ఒక్కదానికి గూడ వీడియో పంపలే, నాది కాదనుకొని కిందికి జరిపిన.

ఇగ నాకు నచ్చనియి. మా బ్యాచ్‌ల ఒక పిల్లగాడుండె, ఇంజనీరింగ్ అయిపోయింది, మస్తు చదువుతడు, నల్లగుంటడు. ఆయనకు స్లిప్పులల్ల సగానికి సగం ఆటో డ్రైవర్, వాచ్‌మెన్ అని వచ్చినయ్. సార్ ఏమో దాన్ని బోర్డు మీద టైప్ అని రాసేసిండు. నేను లేసి అడిగిన, ఇది ఆయన టైపా, మన కండ్లల్ల ఉన్న రోగమా అని. మార్కెట్ గట్లున్నది మేడం, నేను పెట్టిన రూల్ కాదు అన్నడు. గట్ల చెప్పి తప్పించుకునుడు నాకు నచ్చలే. నన్ను పోలీస్ అన్నరంటే నా నడక చూసి, చూపు చూసి అన్నరు, ఆ పిల్లగాని నడకను ఎవ్వలన్న చూసిన్రా? ఫీజు ఇద్దరి దగ్గర ఒక్కటే తీసుకున్నరు, నాకు దారి దొరికింది, ఆ పిల్లగానికేమో రోడ్డు మీద ఎప్పుడూ వినేదే మళ్ల వినిపించిన్రు.

వయసు లెక్క గూడ అంతే. బాహుబలిల ప్రభాస్‌కి తల్లిగ చేసిన రమ్యకృష్ణ ఆయనకంటె తొమ్మిదేండ్లే పెద్ద. మొగోళ్లకు గూడ ఇట్ల జరగలేదా అంటే జరిగింది, మాయాబజార్‌ల కృష్ణునికి అన్న బలరాముడుగ చేసిన గుమ్మడి గారు ఎన్టీఆర్ కంటె నాలుగేండ్లు చిన్న, అప్పటికి ఆయనకు ముప్పై గూడ నిండలే. ఆయన ఆ పెద్దరికంతోనే మస్తు ఏండ్లు నిలవడ్డరు. ఇది తల్సుకున్నంక నా 40 బాధ కొంచెం తగ్గింది గానీ మొత్తం పోలే.

ఫొటోల సంగతికొస్త. వర్క్‌షాప్ ఫీజు కాకుండ మూడు లుక్కుల పోర్ట్‌ఫోలియో, అంటే ఆడిషన్లకు పంపే ఫొటోల సెట్, 12,000 అన్నరు, అప్పుడున్న హుషారుల కట్టేసిన. వారం తర్వాత ఫొటోలొచ్చినయ్. చూస్తే ఎవలో కొత్త పెండ్లి పిల్ల. కండ్ల కింద గీతలు లేవు, నొసటి మీద ముడత లేదు, రంగు రెండింతలు తెలుపు. రెండు రోజులు మీ ముఖంల గీతలే మీ ఆస్తి అని పాఠం చెప్పిన్రు, అదే బిల్డింగ్‌ల పై అంతస్తుల కూసున్నాయన ఆ గీతలన్నీ తుడిచి పెట్టిండు. ఎడిట్ చేయనియి ఇయ్యమంటే ఇంకో 3,000 అన్నడు. ఇయ్యలే. మా తమ్ముడు సాయంత్రం నాలుగింటికి బాల్కనీల నిలవెట్టి ఫోన్‌తోని తీసిండు. ముందు నుంచి ఒకటి, కుడి పక్క, ఎడమ పక్క, నిలువెత్తుది ఒకటి, తల బిగ్గ దువ్వి, నేత చీర, మేకప్ లేదు. ఇప్పుడు అందరికీ అవే పంపుతున్న, ఎవ్వలూ వేరేవి అడగలే.

వీడియోలు గూడ రెండే పెట్టుకున్న. ఒకటి ఎస్ఐ, ఒకటి వార్డెన్. పేరు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పుడు, ఇగ సీదా డైలాగ్. అరుసుడు లేదు. తొమ్మిదో తరగతిల కాపీ కొట్టేటోన్ని పట్టుకున్నప్పుడు నేను గొంతు తగ్గిస్త, ఆ గొంతే. నాలుగు నెలలల్ల ఏడు చోట్ల నుంచి ఆడిషన్‌కి పిలుపొచ్చింది, రెండు దొరికినయ్. ఒకటి వెబ్ సిరీస్‌ల హెడ్ నర్సు, ఒక్క సీన్, మూడు డైలాగులు, 4,000 ఇచ్చిన్రు, పైకెళ్లి ఆటో పైసలు. సెట్‌ల అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి మేడం మీరు నిజంగ హాస్పిటల్ల చేస్తరా అని అడిగిండు, ఇంటికి వచ్చేదాంక అదే తల్సుకున్న. రెండోది కోర్టు క్లర్క్, అది వచ్చే నెల.

ఇప్పుడు కొత్త భయం ఏందంటే అందరూ గరం మనిషి వేషానికే పిలుస్తున్నరు, నవ్వే వేషం మళ్ల ఎప్పుడన్న ఇస్తరా అని. సార్‌ను అడిగితే గోపీచంద్ సంగతి చెప్పిండు, 2001ల హీరోగ వస్తే నడవలే, జయంల విలన్‌గ చేసి జనానికి ముఖం గుర్తుపట్టించుకొని 2004ల యజ్ఞంతోని మళ్ల హీరో అయిండు కదా అని. ఆయన గోపీచంద్ సార్, నేను లెక్కల టీచర్‌ని, అన్న.

పోవాలనుకునేటోళ్లకు: స్లిప్పుల వరకు నిమ్మలంగ పోవచ్చు, 4,500కి నష్టం లేదు. చుట్టాలను, దోస్తులను అడిగితే ఆ జవాబు రాదు, వాళ్లకు మీరు ముందే తెలుసు. ఏసీ సరిగ పని చేయదు, పొడి తువ్వాల తీసుకపోండి. ఫొటోల పైసలు మాత్రం ముందుగల్ల కట్టకండి, ఒక్క శాంపిల్ అడగండి, అండ్ల ముడతలు లెక్కపెట్టండి.

వచ్చే బ్యాచ్‌కి మా స్కూల్ పీఈటీ సార్ పేరిచ్చిండు. ఆయన తనది పక్కా పోలీస్ టైప్ అనుకుంటుండు, మీసం గూడ పెంచుతుండు. నాకైతే స్వీట్ షాప్ ఓనర్ లెక్క కనవడ్తడు. చెప్పలే, స్లిప్పులొస్తయ్ కదా.